విత్తనం మంచిదే, పంట ఎందుకు రాలేదు?

మనకు క్రికెట్ ఎలాగో అమెరికన్లకు బేస్‌బాల్ అలాగ. అక్కడి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 1993 నుంచి 2012 వరకు వరుసగా 20 ఏళ్ళు గెలిచిన ఆటలకన్నా ఓడిన ఆటలే ఎక్కువ. మంచి ఆటగాళ్ళు దొరకలేదేమో అంటారా? అదీ కాదు. కొత్తవారిని ఎంచుకొనేటప్పుడు వెనకబడిన జట్లకే ముందు అవకాశం ఇవ్వడం అక్కడి పద్ధతి. అలా 2011లో అందరికన్నా ముందుగా ఈ జట్టు ఎంచుకొన్న యువకుడు గెరిట్ కోల్. అతడు పిచ్చరు, అంటే బంతి విసిరే ఆటగాడు.

2017లో కోల్ ఈ జట్టు తరఫున 196 మందిని స్ట్రయికౌట్ చేశాడు. 2018 జనవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టుకు మారాడు. ఆ ఏడాది దాదాపు అన్నే ఇన్నింగ్స్‌లో 276 మందిని, 2019లో 326 మందిని స్ట్రయికౌట్ చేశాడు. మనిషి అతడే, చెయ్యి అదే. మరి మారిందేమిటి?

బంతి చేసే మాయ

గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి బ్యాటరును చేరడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. ఆ కాలంలో భూమ్యాకర్షణ వల్ల అది ఎంత కిందికి దిగాలి? ½gt² సూత్రం ప్రకారం సుమారు 78 సెంటీమీటర్లు. కాని బంతి వెనక్కి తిరుగుతూ వెళితే, అది తన వెనుక గాలిని కిందికి నెడుతుంది. ప్రతిచర్యగా గాలి బంతిని పైకి నెడుతుంది. దీనినే మాగ్నస్ ప్రభావం అంటారు. అందువల్ల బంతి అనుకొన్నంత దిగదు. బ్యాటు దాని కిందుగా పోతుంది!

పైరేట్స్ శిక్షకులు ఇందుకు భిన్నంగా, కిందికి దిగే బంతులు ఎక్కువగా వేయించేవారు. అలాంటి బంతిని కొడితే అది నేలమీద దొర్లుతుంది, సులభంగా పట్టవచ్చు. ఈ పద్ధతి తప్పేమీ కాదు. 2013 నుంచి 2015 వరకు మూడేళ్ళూ జట్టు చివరి పోటీలకు చేరింది. అయితే బ్యాటర్లు ఊరుకొంటారా? కింది బంతిని పైకి లేపి కొట్టడం నేర్చుకొన్నారు. ఆట మారినా పాఠం మారలేదు.

2015 నుంచి బంతి వేగాన్నీ భ్రమణాన్నీ కొలిచే పరికరాలు పెద్ద లీగు మైదానాలన్నిటిలోనూ ఉన్నాయి. కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నవే. ఆస్ట్రోస్ వారు వాటిని చూసి, "ఈ చేతికి ఏ బంతి నప్పుతుంది?" అని ప్రశ్నించుకొన్నారు. దిగే బంతులు తగ్గించి, వెనక్కి తిరిగే బంతులను ఎత్తులో వేయించారు. అందరికీ ఒకే పాఠం చెప్పడానికీ, ఒక్కొక్కరినీ పరిశీలించి చెప్పడానికీ తేడా ఇదే.

ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. వయస్సు, అనుభవం, గాయాలు, జట్టు దగ్గరున్న డబ్బు కూడా లెక్కలోకి వస్తాయి. కాని 2018లోనే పైరేట్స్ వదులుకొన్న టైలర్ గ్లాస్‌నౌ కూడా టాంపా బే రేస్ జట్టులో చేరాక రాణించాడు. ఒకసారి జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ జరిగితే కారణం వెదకాలి. "వాడికి ప్రతిభ లేదు" అనే ముందు, "వాడికి ఏం నేర్పాం, ఎలా నేర్పాం?" అని అడగాలి.

మీరే చేసి చూడండి

ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి అంటించండి. బల్లమీద అట్టను ఏటవాలుగా పెట్టి, గొట్టాన్ని దొర్లించి అంచు నుంచి పడనివ్వండి. అది ముందుకు పోకుండా బల్ల కిందికి వంగి పడుతుంది. ఎందుకో ఆలోచించండి!