ఉదయానికి ఖాళీ అయిన పులుసు కుండ

సమస్య: మిర్యాలగూడలో పుట్టి కోదాడలో కాపురముంటున్న ఒక పాఠకురాలికి వంటలో కొత్త పాళ్లు ప్రయత్నించడం ఇష్టం. బొచ్చె చేపకు చింతపండు బదులు మామిడికాయ వేసి పులుసు పెట్టినా, మేక కాళ్ల పులుసులో మునగాకు వేసినా భర్త "మా ఇంట్లో ఇట్లా చెయ్యరు" అని పళ్లెం జరుపుతారు; సూర్యాపేటలోని ఆడబిడ్డ ఆ సంగతి విని ఫోనులోనే నవ్వుతారు. గత ఆదివారం రాత్రి ఎవరూ మారు వడ్డించుకోని మామిడికాయ పులుసును తెల్లవారి అత్తగారు చద్దన్నంలో కలుపుకొని కుండ ఖాళీ చేశారని కూతురు చెప్పిందట. ఇక ప్రయోగాలు మానుకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

సలహా: ఈ లేఖలో నిలిచిపోయే విషయం ఆ ఖాళీ కుండ. ప్రయోగాలు మానవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. కొత్త వంటను ముందు నాలుగు ముక్కలతో చేసి చూడడం, ఆ పూటకు అలవాటైన కూర ఒకటి తోడుగా ఉంచడం వంటి జాగ్రత్తలు ఆమెకు తెలియనివి కావు.

ముక్క చెదరకుండా, గరిటె పెట్టక కుండనే తిప్పుతూ ఉడికించే చేపల పులుసు దించిన వెంటనే పూర్తి రుచికి రాదు. ఉప్పు, పులుపు ముక్కలోకి మెల్లగా ఇంకుతాయి, చర్మం నుంచి, ముళ్ల నుంచి దిగిన జిగురు చల్లారేకొద్దీ పులుసును చిక్కబరుస్తుంది. నీచును, అంటే చేపకుండే పచ్చివాసనను, అణచేది పులుపు కనుక అది చింతపండుదైనా మామిడికాయదైనా పని ఒక్కటే. కాబట్టి మొదటి ముద్దకే తీర్పు చెప్పిన భర్తది తొందరపాటు. సరిగ్గా రుచి చూసినవారు అత్తగారే.

"మా ఇంట్లో ఇట్లా చెయ్యరు" అన్న మాటకు ఈ నేల చరిత్రే జవాబు చెబుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాతే, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల మెట్టభూములు క్రమంగా వరిమడులయ్యాయి. అంతకుముందు సామాన్యుల పూట ఎక్కువగా జొన్నరొట్టెతోనో, జొన్నరవ్వను గట్టిగా ఉడికించిన గటకతోనో గడిచేది. రోజూ అన్నం వండే ఇళ్లుగా మారినప్పుడు దానికి తగ్గట్టు కూరల పాళ్లు కుదుర్చుకున్నది ఆనాటి ఆడవాళ్లే కనుక, నేడు ఇంటి పద్ధతి అనిపించుకుంటున్నది ఒకనాటి కోడలి ప్రయోగమే.

వంట నచ్చకపోతే చెప్పడం తప్పు కాదు. ఉప్పు ఎక్కువైందంటే అది వండినవారికి పనికివచ్చే మాట. నచ్చినదాన్ని చాటుగా తిని, పదిమందిలో మౌనంగా ఉండడమే అన్యాయం. పొలుసు గీకి, రాళ్ల ఉప్పుతో రుద్ది, నాలుగు నీళ్లకు కడిగి, చేతుల వాసన పోకముందే వడ్డనకు నిలబడే మనిషికి ఇల్లు ఇవ్వగల కూలి ఒక్క మంచి మాట. దాన్ని ఎగవేసే కుటుంబం ఎంత కలిగినదైనా పిసినారి కుటుంబమే. ఆ మాటను అత్తగారు కొడుకు వింటుండగా అనాలి.

కోడలు మాత్రం వచ్చే వారం మామిడికాయ పులుసే మళ్లీ పెట్టాలి. అయితే శనివారం రాత్రే వండి, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచి, ఆదివారం మళ్లీ బాగా మరగనిచ్చి, తానూ అందరితోపాటే కూర్చొని తినాలి.