అక్రిలిక్ రంగులు: "పాడైపోయింది" అనుకున్న బొమ్మను బాగుచేసుకోవడం ఎలా?



ఈ టర్మ్ నుంచి ఆరు, ఏడు తరగతుల పిల్లల ఆర్ట్ కిట్‌లో వాటర్ కలర్ బిళ్లలకు బదులు అక్రిలిక్ రంగుల సీసాలు వస్తున్నాయి. అవి ఇంటికి చేరిన నెల రోజుల్లోనే డైరీల్లో మీరు రాసే నోట్స్ మారిపోయాయి. యూనిఫాం మీద మరక పోవడం లేదని కొందరు, కొత్త బ్రష్ పుల్లలా గట్టిపడిందని కొందరు రాశారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన నోట్ మాత్రం వేరే. "మా పాపకి డ్రాయింగ్ రాదు మేడమ్, మూడు షీట్లు చింపేసింది, ఇక నేనే వేసి పంపుతున్నాను" అని ఉంది అందులో.

నేను ఆర్ట్ టీచర్‌ని కాదు, సైన్స్ చెబుతాను. అయినా ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఎందుకంటే చాలా ఇళ్లలో షీట్లు చినగడానికి కారణం పిల్లల చేతిలో లేదు, రంగు ఆరే తీరులో ఉంది. అది ఐదు నిమిషాల్లో అర్థమయ్యే సంగతే.

అక్రిలిక్ సీసాలో ముఖ్యంగా ఉండేవి రంగు పొడి, నీళ్లు, ఆ నీళ్లలో తేలుతుండే అతి సన్నని ప్లాస్టిక్ రేణువులు. నీరు ఆవిరైపోగానే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పలుచని ప్లాస్టిక్ పొరగా మారతాయి. మన గోడలకు వేసే ఎమల్షన్ దీనికి దగ్గరి చుట్టమే. వాటర్ కలర్ ఆరిపోయాక తడి బ్రష్ పెడితే మళ్లీ కరుగుతుంది. అక్రిలిక్ ఒకసారి ఆరితే నీళ్లకు కరగదు. మన పిల్లలు ఐదో తరగతి దాకా వాటర్ కలర్ అలవాటుతో వచ్చారు కాబట్టి ఇక్కడే తడబడతారు.

ఉదాహరణకు ఆకాశం. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ లేత నీలం వేయాలి. పిల్లలు ఫ్యాన్ కింద కూర్చుని ముందు నీలం పూస్తారు, తర్వాత తీరిగ్గా తెలుపు కలపబోతారు. ఈలోగా నీలం సగం ఆరిపోతుంది. దాని మీద బ్రష్ ఆడిస్తే రంగు కలవకపోగా, పాల మీద మీగడలా ముద్దలుగా లేచి వస్తుంది. కింద కాగితం కనబడుతుంది. కంగారులో ఇంకా రుద్దుతారు, చార్ట్ పేపర్ పీచులు లేస్తుంది. "అమ్మా, పాడైపోయింది!" అనే కేక వినబడేది ఇప్పుడే.

ఆ క్షణంలో చేయాల్సింది ఒక్కటే, బ్రష్ కింద పెట్టించడం. పలుచటి పూత మన వాతావరణంలో పది, ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. పూర్తిగా ఆరాక లేచిన చోటును వేలితో మెల్లగా నునుపు చేసి, దాని మీద మళ్లీ రంగు వేయవచ్చు. కింది పొర కరగదు కాబట్టి పైరంగులో కలిసి మురికి కాదు. వాటర్ కలర్‌లో ఈ సౌకర్యం లేదు. అంటే పిల్లలు కోపంతో చింపేస్తున్న షీట్లలో చాలావరకు అరగంట ఆగితే బాగుపడేవే. టీ తాగి రండి, లేదా వాళ్లకి పాలు కలిపి ఇవ్వండి. అంతేగానీ బ్రష్ మాత్రం మీ చేతిలోకి తీసుకోవద్దని నా మనవి. (పెద్దవాళ్లు వేసిన బొమ్మ మాకు చూడగానే తెలిసిపోతుందండీ!)

రెండోసారి ఆకాశం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. కాగితాన్ని తడిగుడ్డతో కొద్దిగా తడపండి. ముదురు, మధ్యస్థం, లేత అని మూడు నీలాలు ముందే కలిపి పెట్టుకుని, తడి ఆరకముందే ఒకదాని పక్కన ఒకటి గబగబా వేసి, కలిసే చోట ఉత్త బ్రష్ ఆడించాలి. రంగు కొంచెం ఎక్కువే కలుపుకోవడం మంచిది. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ కలపడం పెద్దవాళ్లకే కష్టం.

"సీసాలో ఒక రంగు, ఆరాక ఇంకో రంగు" అని కూడా ఒకరు రాశారు. నిజమే, అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తుంది. కంపెనీ మోసం కాదు. ఫెవికాల్ తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ఆరాక గాజులా అయిపోతుంది కదా, ఇక్కడా అంతే. తడిలో ఉన్న ఆ తెలుపు రంగును లేతగా చూపిస్తుంది, ఆరగానే ఆ తెలుపు పోతుంది. అందుకే ముఖం, చేతులు లాంటివి వేసేముందు పాత కాగితం ముక్క మీద ఒక గీత గీసి, ఆరనిచ్చి చూసుకోమనండి.

పసుపు కింది రంగును కప్పడం లేదన్నది మరో ఫిర్యాదు. పసుపు చాలా సెట్లలో పలుచనే. ముదురు రంగు మీద పసుపు పువ్వు వేయాలంటే ముందు అక్కడ తెలుపు వేసి, ఆరాక పసుపు వేస్తే పువ్వు వెలుగుతుంది. నీళ్లు మరీ ఎక్కువ పోస్తే ఏ రంగైనా పట్టు తప్పి పాలిపోతుంది, కాగితం కూడా అలలు తిరుగుతుంది.

రంగు పాలెట్‌లోనే ఆరిపోతుంటే పాత టిఫిన్ డబ్బా తీసుకోండి. అడుగున తడిపిన టిష్యూలు, వాటి మీద బటర్ పేపర్ పరిచి, రంగులు అక్కడ పెట్టి కలుపుకోవాలి. ఆపేటప్పుడు మూత పెట్టేస్తే మర్నాటికి కూడా తడిగానే ఉంటాయి. ఆ డబ్బా మళ్లీ తిండికి వాడకండి.

బ్రష్‌ల సంగతి. పని మధ్యలో బ్రష్ ఆరనివ్వకూడదు, అలాగని గ్లాసు నీళ్లలో తలకిందులుగా గంటలకొద్దీ వదిలేసినా కుచ్చు వంగిపోతుంది. అయిపోగానే పాత న్యూస్‌పేపర్‌కి రంగు తుడిచేసి, సబ్బు రాసి, కుచ్చు మొదలు దాకా వేళ్లతో నలిపి కడగాలి. ముందు తుడవడం వల్ల సింకు పైపులోకి ప్లాస్టిక్ కూడా తక్కువ వెళ్తుంది. గట్టిపడిన బ్రష్‌ని మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో కాసేపు నానబెడితే కొన్ని బతుకుతాయి, అన్నీ కాదు. యూనిఫాం మీద తడి మరకైతే వెంటనే చల్లటి నీళ్లు, సబ్బు చాలు. ఆరిన మరకకు అదే స్పిరిట్ దూదితో అద్దాలి. ముందు లోపలి అంచు మీద పరీక్షించండి, పూర్తిగా పోతుందని మాత్రం హామీ లేదు. స్పిరిట్‌తో చేసే పని పెద్దవాళ్లే, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి చేయాలి. ఆర్ట్ పీరియడ్ ఉన్న రోజు నాన్నగారి పాత చొక్కా ఒకటి బ్యాగులో పెట్టి పంపడం అన్నిటికంటే సులువు.

ప్రాజెక్టుల సీజన్ వస్తోంది కాబట్టి ఇంకో మాట. థర్మోకోల్ గ్రహాలకు అక్రిలిక్ చక్కగా పనికొస్తుంది. స్ప్రే పెయింట్, ఎనామిల్ కొట్టకండి, వాటిలోని ద్రావణి థర్మోకోల్‌ని తినేస్తుంది. ప్లాస్టిక్ సీసా మీద రంగు పొట్టులా ఊడొస్తుంటే, సీసాను సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఉప్పు కాగితంతో కాస్త గరుకు చేసి వేయండి. మట్టి ప్రమిదలకు బయటివైపే రంగు వేయించండి. వత్తి ఉండే అంచు వదిలేయాలి.

ఆరినట్టు కనబడ్డా ఎండకు ఈ రంగు కొద్దిగా జిగురెక్కుతుంది. రెండు బొమ్మలు ముఖాముఖి పెట్టి బ్యాగులో కుక్కితే అతుక్కుపోతాయి. మధ్యలో బటర్ పేపర్ పెట్టి, ఫైల్‌లో చదునుగా పంపండి. చుట్టక తప్పకపోతే రంగు వేసిన వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టండి.