యుద్ధానికి పని చెయ్యనని ఆఫీసులో చెప్పాలనుకుంటే

2018లో గూగుల్‌లో ప్రాజెక్ట్ మేవెన్ మీద రగడ లేఖతో ఊపందుకుంది. డ్రోన్ వీడియోల్లోని మనుషుల్నీ వాహనాల్నీ గుర్తుపట్టే టెక్నాలజీని పెంటగాన్‌కు ఇవ్వొద్దంటూ మూడు వేల మందికి పైగా ఉద్యోగులు సీఈవో సుందర్ పిచాయ్‌కి రాశారు. కొందరు రాజీనామా చేశారు. జూన్‌లో కంపెనీ ఆ కాంట్రాక్టు పొడిగించబోమంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి ఉద్యోగులే, ఇజ్రాయెల్ ప్రభుత్వంతో ఉన్న ప్రాజెక్ట్ నింబస్ ఒప్పందాన్ని రద్దు చెయ్యాలని న్యూయార్క్, సన్నీవేల్ ఆఫీసుల్లో బైఠాయించారు. ముందు 28 మందిని తీసేశారు; కొద్ది రోజుల్లో ఆ లెక్క 50 దాకా పోయింది. ఒప్పందం మాత్రం కదల్లేదు.

లేఖ రాస్తే గెలుస్తాం, బైఠాయిస్తే ఓడతాం అని దీనర్థం కాదు. ఆ ఆరేళ్లలో కంపెనీల ఓపిక తగ్గింది, అంతే. లేఖకైనా ఇప్పుడు పాత బలం ఉందని నేననుకోను.

అమెరికాలో పనిచేసే మనవాళ్లు చాలామంది ఒక విషయంలో పొరబడతారు. అక్కడి వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు యజమానిని కాదు. జీతం, పని పరిస్థితుల గురించి నలుగురు కలిసి అడిగితే కార్మిక చట్టం అండగా ఉంటుంది. కంపెనీ ఎవరికి ఏం అమ్ముతోందని నిలదీస్తే ఆ అండను నమ్ముకోకండి. హెచ్-1బి వీసా మీదున్నవాళ్లకు ఉద్యోగం పోతే దేశంలో ఉండేందుకు గడువు మహా అయితే 60 రోజులు. ఐ-94లో ఉన్న తేదీ అంతకుముందే వస్తే అప్పటిదాకానే.

అందుకని వీసా మీదున్నవాళ్లు బైఠాయింపులో ముందు వరసలో కూర్చోనక్కర్లేదని నా అభిప్రాయం. అది పిరికితనం కాదు. మీ చేతిలో ఉన్నది వేరే: ఆ పని మీకు అప్పగించకముందే, ఇది నా మనస్సాక్షికి పడదు, వేరే టీముకు మార్చండి అని మేనేజర్‌ను మర్యాదగా, రాతపూర్వకంగా అడగడం. ఒప్పుకోకపోవచ్చు. ఒక్కరే అడిగితే అది మీ సొంత ఇబ్బంది, టీములో పదిమంది అడిగితే మేనేజర్‌కు షెడ్యూలు సమస్య. ఆ పదిమందినీ కూడగట్టే మాటలు కంపెనీ చాట్‌లోనో కంపెనీ ల్యాప్‌టాప్‌లోనో వద్దు. రహస్య పత్రాలు బయటికి పంపొద్దు; యుద్ధం సంగతి పక్కకు పోయి దొంగతనం కేసు మిగులుతుంది. కార్మిక చట్టం తెలిసిన లాయర్నీ ఇమ్మిగ్రేషన్ లాయర్నీ విడివిడిగా కలవండి, ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియకపోవచ్చు.

ఇంట్లో భార్యో భర్తో హెచ్-4 మీద ఉద్యోగం చేస్తుంటే ఆ పర్మిట్ కూడా మీ వీసాకే ముడిపడి ఉంటుంది. లేఖ మీద సంతకం పెట్టే ముందే వాళ్లకు చెప్పండి.