లైబ్రరీ సైన్సు చదివిన మేనకోడలికి

బందరు

చి. అమ్మడికి,

గుడివాడ కాలేజీలో లైబ్రేరియన్ పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి తటపటాయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అన్నీ ఫోన్లో దొరుకుతుంటే లైబ్రరీకి ఎవరొస్తారని మీ నాన్నగారు అంటున్నారట. బావగారి మాటలో సగం నిజముంది. మిగతా సగం నేను చెబుతాను.

మన పనిని జనం ఎప్పుడూ ఒకేలా చూడలేదమ్మా. 1910లో ఇదే బందరులో ‘ఆంధ్రభారతి’ పత్రిక నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పూనుకున్నారు. ఆ రోజుల్లో ఈ పనికి జీతం లేదు, మర్యాద ఉంది. 1935లో పాతూరి నాగభూషణంగారైతే కృష్ణానదికి అవతల కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. నన్నడిగితే మన వృత్తిలో అంతకు మించిన ఆలోచన మళ్ళీ రాలేదు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టంతో ఇంటిపన్ను మీద లైబ్రరీ సెస్సు, రిజిస్టర్లు, తాళాలు వచ్చాయి. జీతమొచ్చింది, బీరువాల కాపలాదారు అన్న పేరూ వచ్చింది. ఇప్పుడు అవనిగడ్డలో డీఎస్సీకి చదివే పిల్లలకు లైబ్రరీ అంటే కుర్చీ, ఫ్యాను. పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు. దాన్ని చిన్నచూపు చూడకు. అద్దె గదిలో నలుగురితో సర్దుకునేవాడికి ఆ కుర్చీ చాలా పెద్దది.

అయితే మన అసలు పని వేరే ఉంది. నేను లైబ్రేరియన్‌గా పనిచేసేటప్పుడు కోడూరు వైపు నుంచి ఒక రైతు వచ్చి, “ఉప్పు మీద పుస్తకముందా అండీ?” అన్నాడు. వంటింటి ఉప్పా, ఉప్పు సత్యాగ్రహమా? “ఎందుకు బాబూ?” అని కూచోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు: పక్కన రొయ్యల చెరువు తవ్వాక తన వరిచేను చౌడెక్కుతోందట. ‘అన్నదాత’ వ్యవసాయ పత్రిక పాత సంచికలు ముందు పెట్టాను. ఫోను అతను అడిగిన మాటకే జవాబిస్తుంది, ఎందుకు అడుగుతున్నాడో కనుక్కోదు.

ఇంకొకటి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేయించారు. చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఎక్కాయి. పుస్తకం స్కానై ఉంటుంది, వెతికితే దొరకదు. వాటిని సరిచెయ్యడానికి కంప్యూటరూ రావాలి, తెలుగు సాహిత్యమూ తెలియాలి. నీకు రెండూ వచ్చు. ఈ పని చేసేవాళ్ళను లైబ్రేరియన్ అనాలా, ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ అనాలా అన్న చర్చ సెమినార్లలో టిఫిన్లయ్యేదాకా సాగుతుంది, సాగనీ.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా కదా. 1977లో దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది 19న. ఆ వారం వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా, నాగాయలంక, కోడూరు నుంచి వచ్చే పిల్లల చేత వాళ్ళ తాతమ్మలు ఆ ఉప్పెన గురించి చెప్పేది రికార్డు చేయించు. ఊరు, పేరు, తేదీ రాసి దాచు. అది ఏ గూగుల్లోనూ లేదు. ఆ వయసువాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

దరఖాస్తు పెట్టు. ఉద్యోగం వస్తే, చేరిన రోజునే కౌంటర్ మీద ఒక నోటుబుక్కు పెట్టి, అడిగింది దొరక్క వెళ్ళినవాళ్ళ ప్రశ్నలన్నీ అందులో రాయి. ఏం కొనాలో, ఏం నేర్చుకోవాలో నీకదే చెబుతుంది.

మీ మావయ్య