వేసవి బెండలో ఎర్రనల్లి ఉధృతి – సస్యరక్షణలో సవరించుకోవలసిన అంశాలు

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం పరిసరాలలో బోరుబావుల కింద సాగయ్యే వేసవి బెండను మొదట ఆశించేది పచ్చదోమ. ఇది ఆకుల అడుగుభాగం నుండి రసాన్ని పీల్చడం వలన అంచులు పసుపు రంగుకు మారి, పైకి ముడుచుకొని, ఎర్రబడి ఎండిపోతాయి. రైతు సింథటిక్ పైరిత్రాయిడ్ మందును పిచికారి చేయగా దోమ తగ్గుతుంది. కొద్ది వారాలకే ఆకులపై సూక్ష్మమైన తెల్లని మచ్చలు, అడుగున సన్నని గూళ్ళు ఏర్పడతాయి. దోమ తిరిగి వచ్చిందని భావించి రైతు అదే మందును మరల వాడతాడు. సమస్య ముదిరేది ఇక్కడే.

ఎర్రనల్లి కీటకం కాదు; సాలీడు వర్గానికి చెందిన, ఎనిమిది కాళ్ళు గల అరమిల్లీమీటరు జీవి. పైరిత్రాయిడ్లు దానిని అదుపు చేయకపోగా, దానిని తినే పరభక్షక నల్లులను, చిన్న అక్షింతల పురుగులను నశింపజేస్తాయి. 30 డిగ్రీల వేడిలో దీని ఒక తరం సుమారు పది రోజులలో పూర్తవుతుంది. లారీల రాకపోకలు ఎక్కువగా ఉండే బాటల పక్క మళ్ళలో ఆకులపై పేరుకొనే దుమ్ము కూడా నల్లికి అనుకూలమే. కనుక పరిశీలనను బాట వైపు గట్ల నుండే ఆరంభించాలి. భూతద్దం లేకుండా పొలానికి వచ్చే విద్యార్థి సగం రోగనిర్ధారణను ఇంటి వద్దే వదిలి వచ్చినట్లు!

అందువలన నల్లి నివారణ పచ్చదోమ యాజమాన్యంతోనే మొదలవుతుంది. కిలో విత్తనానికి 5 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్ 70 డబ్ల్యు.ఎస్.తో విత్తనశుద్ధి చేస్తే తొలి మూడు నాలుగు వారాలు పిచికారి అవసరం సాధారణంగా రాదు. తదుపరి 5 శాతం వేపగింజల కషాయం వాడవచ్చు. నల్లి కనిపించిన తొలిదశలో లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకాన్ని చల్లని వేళల్లో ఆకుల అడుగుభాగం తడిసేటట్లు పిచికారి చేయాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి. ఉధృతి అధికమైతే స్పైరోమెసిఫెన్ 1 మి.లీ. వాడాలి. పాత కరదీపికలలో కనిపించే డైకోఫాల్‌ను 2023లో దేశంలో నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడటం 2005 నుండే నిషిద్ధం.

మన సిఫారసులలో తరచు విస్మరించేది కోత విరామం. బెండను రోజు విడిచి రోజు కోయాలి. కాయతొలుచు పురుగుకు వాడే ఎమామెక్టిన్ బెంజోయేట్‌కు బెండపై నిరీక్షణ కాలం 5 రోజులు. అంటే రెండు కోతలు వదులుకోవాలి. ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోని సలహాను రైతు పాటించడు; మందు అవశేషాలతోనే కాయ మార్కెట్‌కు చేరుతుంది. భారతదేశపు బెండపై ఐరోపా సమాఖ్య అవశేషాల కోసం అదనపు తనిఖీలు విధించిన సంగతి తెలిసినదే. కోత ముగిసిన సాయంత్రమే పిచికారి చేయించి, నిరీక్షణ కాలంలో పెరిగిన కాయలను కోసి పారవేయించాలి. వాటిని మొక్కపైనే ముదరనిస్తే కొత్త పూత, కాపు తగ్గుతాయి. తొలిచిన కాయలను, వాడిన మొవ్వులను ప్రతి కోతలోను ఏరి నాశనం చేస్తే ఈ పిచికారి సంఖ్యయే తగ్గుతుంది.