నెత్తుటికి అడ్డుకట్ట

బండిపై గడ్డి వేసి మోకుతో కట్టు రైతు, ఆ మోకు నడుమ ఒక కర్రను దూర్చి మెలిత్రిప్పుట మీరు చూచియుందురు. త్రిప్పినకొలది మోకు బిగియును. 1674లో ఫ్రాన్సు సేనలు బెజాన్సన్ పట్టణమును ముట్టడించినపుడు, మొరెల్ అను శస్త్రవైద్యుడు ఈ ఉపాయమునే గాయపడిన సైనికులపై ప్రయోగించెను. గాయమునకు పైభాగమున గుడ్డను చుట్టి, అందు కర్రను దూర్చి మెలిపెట్టగా నెత్తురు నిలిచిపోవుచుండెను. 1718లో పెతీ అను మరియొక ఫ్రెంచి వైద్యుడు కర్రకు మారుగా మరను అమర్చి ఒక పరికరమును నిర్మించెను. దానికే టూర్నికెట్ అని పేరు. ఫ్రెంచి భాషలో త్రిప్పుట యను అర్థముగల మాటనుండి ఆ పేరు పుట్టినది.

ఇంత బలముగా బిగింపవలసిన అవసరమేమి? పెద్దవారి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. గుండెనుండి అవయవములకు రక్తమును గొనిపోవు నాళములు ధమనులు. తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. సిర తెగినచో నెత్తురు కారును. ధమని తెగినచో గుండె కొట్టుకొన్నప్పుడెల్ల ఎఱ్ఱగా చిమ్మును. తొడలోని పెద్ద ధమని తెగినవాడు కొద్ది నిమిషములలోనే మరణింపవచ్చును. యుద్ధభూమిలో అంతలోపల వైద్యశాలకు చేరుట ఎవ్వరి తరము? వైద్యుడు చేతికి దొరకుదాక ఆ ధమనిని నొక్కి పట్టియుంచునదే టూర్నికెట్.

ఐనను వైద్యలోకము దీనిని చిరకాలము శంకించినది. కారణము లేకపోలేదు. బిగించిన చోటికి దిగువనున్న అవయవమునకు రక్తమందదు. సుమారు 2 గంటలు దాటినకొలది కండరములకును నరములకును హాని పెరుగుచుండును. 1914-18 నాటి ప్రపంచయుద్ధమున, కందకములలో గాయపడినవారు సాయమునకై గంటల తరబడి ఎదురుచూడవలసివచ్చెను. కట్టిన కట్టు కట్టినట్లే యుండి, ప్రాణము దక్కినను కాలు కుళ్లిపోయినవారు కలరు. మరియొక చిక్కును గలదు. వదులుగా కట్టినచో పైపైని సిరలు మాత్రమే మూతపడి, లోతుననున్న ధమనిలో రక్తము ప్రవహించుచునే యుండును. అప్పుడు రక్తస్రావము తగ్గుటకు మారుగా హెచ్చును. ఇట్లు, కాలును పోగొట్టునదను అపకీర్తి దీనికి కలిగెను. వేఱు గతి లేనప్పుడు మాత్రమే వాడవలెనని వైద్యులు బోధించుచు వచ్చిరి. పాపము, ఆలస్యము చేసిన దోషము కట్టుపై పడినదని నా యభిప్రాయము.

లెక్క వ్రాసి చూచిన పిమ్మటగాని ఈ అపకీర్తి తొలగలేదు. ఇరాకు యుద్ధకాలమున, 2005 నుండి, అమెరికా సైన్యము ఒంటిచేతితో బిగించుకొనదగిన టూర్నికెట్లను సైనికులకు పంచిపెట్టెను. 2006లో బాగ్దాదునందలి సైనిక వైద్యశాలలో జాన్ క్రాగ్ అను శస్త్రవైద్యుడును సహచరులును, ఇట్టి కట్టు పడిన 232 మంది క్షతగాత్రుల వివరములను వ్రాసియుంచిరి. నెత్తురు పోయి, నాడి క్షీణించి, దేహము చల్లబడు దశ రాకమునుపే కట్టు పడినవారిలో నూటికి 90 మంది బ్రదికిరి. ఆ దశ వచ్చిన పిదప కట్టు పడినవారిలో నూటికి 10 మందియే! ఈ రెండవ తెగవారు స్వల్పసంఖ్యాకులే యైనను భేదము స్పష్టము. ఇక కట్టు మూలముననే కాలుగాని చేయిగాని కోల్పోయినవా డొక్కడును లేడు.

ఆ పరికరములో ఉన్నదెల్ల ఒక దృఢమైన పట్టీ, మెలిత్రిప్పుటకు చిన్న కడ్డీ, కడ్డీ వెనుకకు తిరుగకుండ పట్టు కొక్కెము. మొరెల్ కర్రకు మనుమడే యనవచ్చును. కట్టిన సమయమును వ్రాయుటకు దానిపై తెల్లని చోటుండును. తరువాత చూచు వైద్యునకు ఆ అంకెలు మిక్కిలి అవసరము.

బాలలారా, ఇది చదివి ప్రతి గాయమునకును త్రాడు బిగింపబోకుడు. సామాన్య గాయమునకు శుభ్రమైన గుడ్డ పెట్టి, అరచేతితో విడువక గట్టిగా నొక్కిన చాలును. నెత్తురు చిమ్ముచున్నచో ఒకరు బలమంతయు పెట్టి నొక్కుచుండగా వేరొకరు 108కి ఫోను చేయవలెను. పాముకాటునకు పైభాగమున త్రాడు బిగించు అలవాటు మన పల్లెలలో నేటికిని కలదు. దానివలన మేలు కలుగదు; అవయవమునకు చేటు కలుగును. కరచిన కాలిని కదల్పకుండ రోగిని ఆసుపత్రికి చేర్చవలెను.

గజ్జలలోను చంకలలోను గాయమైనచో కట్టుటకే వీలులేదు. అచ్చట గాయములోనికే గుడ్డను కూరి నొక్కవలసియుండును. ఆ గుడ్డకు కయోలిన్ అను తెల్లమన్ను పట్టించినచో రక్తము త్వరగా గడ్డకట్టును. రొయ్యల పెంకులనుండి తీసిన కైటోసాన్ అను పదార్థమును ఇట్టిదే. మనము పెంటపై పారవైచు పెంకులే సుమా! 2014లో అమెరికా ప్రభుత్వము సైన్యమునకు అనుమతించిన ఎక్స్‌స్టాట్ అను సాధనము ఇంకను చిత్రమైనది. పెద్ద పిచికారివంటి గొట్టములో 92 చిన్న స్పంజి బిళ్లలు అణగియుండును. గాయములోనికి నెట్టగానే అవి నెత్తురు పీల్చి, సుమారు 20 సెకండ్లలో ఉబ్బి, తెగిన నాళమును లోపలనే అదిమిపట్టును. పిమ్మట శస్త్రవైద్యుడు వానిని ఏరి తీసివేయవలెను. ఒక్క బిళ్లయు లోపల మిగిలిపోరాదు గదా! అందుకై ప్రతి బిళ్లకును ఎక్స్‌రే చిత్రమున కనబడు గుర్తు నొకదానిని అమర్చియుందురు.