అయ్యగారి బాధ ఎవరు వినాలి?

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా పల్లెలో స్వతంత్ర సంఘం నడుపుతున్నాను. కొన్ని నెలలుగా నిద్ర లేదు, వాక్యం చదవబుద్ధి కావడం లేదు. ఆదివారం సంతోషం గురించి ప్రసంగించి, ఇంటికొచ్చి తలుపేసుకుంటున్నాను. సంఘానికి చెప్పాలా, దాచాలా?
– ఒక పాస్టర్, ప్రకాశం జిల్లా

జవాబు: ఈ రెండే దారులు అనుకోవడంలోనే చిక్కుంది. మీ బాధ లోపలే ఉండిపోతున్నది ధైర్యం లేక కాదు, వినాల్సినవాళ్లూ కానుక వేసేవాళ్లూ ఒక్కరే కావడం వల్ల. స్వతంత్ర సంఘంలో ఇల్లు గడిచేది కానుకలతో, దశమభాగాలతో. అక్కడ ‘నాకు ప్రార్థన రావడం లేదు’ అన్న మాట నేరుగా పిల్లల ఫీజుకు తగులుతుంది. పక్క వీధిలో ఇంకో మందిరం ఉంటే విశ్వాసులు అటు మళ్లడానికి ఎన్నాళ్లో పట్టదు. పెద్ద డినామినేషన్లలో ఈ బెడద తప్పుతుందా అంటే, సగమే తప్పుతుంది. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి సంఘాల్లో జీతం ఉంటుంది, బదిలీలూ ఉంటాయి. కానీ పాస్టర్లకు కాపరిగా ఉండాల్సిన బిషప్‌గారి చేతిలోనే ఆ బదిలీలూ ఉంటాయి. పోస్టింగ్ ఇచ్చేవారి ముందు గుండె విప్పడం ఎవరికైనా కష్టమే.

ఇది మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలో బార్నా అనే సర్వే సంస్థ 2022 మార్చిలో ప్రొటెస్టెంట్ పాస్టర్లను అడిగితే, గడిచిన ఏడాదిలో సేవ మానేద్దామని ఆలోచించామన్నవారు 42 శాతం. వారు చెప్పిన కారణాల్లో పని ఒత్తిడి మొదటిది, తర్వాతది ఒంటరితనం. నలుగురి మధ్య తిరిగే మనిషికి ఒంటరితనమేమిటని అనిపించవచ్చు. ఊరందరి గుట్టూ వినేవాడు తన గుట్టు చెప్పుకోలేకపోతే మిగిలేది అదే. పాస్టరమ్మ సంగతి ఇంకా కష్టం. ఆమెకు భర్తే పాస్టరు, కాబట్టి భర్తతో ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి పాస్టరు లేడు.

‘ప్రార్థన చాలదా, ఇది విశ్వాసం తగ్గడం కాదా’ అనేవారుంటారు. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా ప్రవక్త ఆ వెంటనే బదరీ వృక్షం కింద పడి చావు కోరుకున్నాడు. దూత వచ్చి అతన్ని మందలించలేదు. రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ 1856లో సభలో జరిగిన తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయాక కుంగిపోయాడు. ఆ కుంగుబాటు తర్వాత కూడా పలుమార్లు తిరిగొచ్చింది. పాస్టర్లు కాబోయే తన విద్యార్థులకు దాని గురించి ఏకంగా ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. వీళ్లది విశ్వాస లోపం అని ఎవరం అనం కదా.

కాబట్టి మీకు కానుక ఇవ్వని, మిమ్మల్ని బదిలీ చేయలేని ఒక మనిషిని వెతుక్కోండి. మండల పాస్టర్స్ ఫెలోషిప్‌లో సంఘాల మధ్య పోటీ ఉంటే అక్కడ వద్దు. వేరే మండలంలో, వేరే డినామినేషన్‌లో పెద్దవయసు పాస్టరు అయితే మంచిది. దాంతోపాటు డాక్టరును కూడా కలవాలి. రెండు వారాలకు మించి నిద్రా ఆసక్తీ పోతే అది డిప్రెషన్ కావచ్చు, మందుతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న తలంపు వస్తే రేపటిదాకా ఆగకండి.

ప్రశ్న: పాస్టరే కుంగిపోయాడని తెలిస్తే విశ్వాసులు ఏమైపోతారు? గుట్టుగా ఉంచడమే మేలు కదా?
– ఒక సంఘపెద్ద, ఖమ్మం

జవాబు: పుల్పిట్ మీద అన్నీ చెప్పక్కర్లేదన్నది నిజమే. సంఘానికి చెప్పకపోవడం వేరు, ఎవరికీ చెప్పకపోవడం వేరు. ఒక మినహాయింపు: ఇతరులకు హాని చేసిన సంగతి, డబ్బు విషయంలో గానీ పిల్లల విషయంలో గానీ, గుట్టు కిందికి రాదు; అది చట్టం దాకా వెళ్లాలి.

నిర్గమకాండంలో మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తుంటే, ఇలా అయితే నలిగిపోతావని చెప్పింది ఇశ్రాయేలు పెద్దలు కాదు, బయటినుంచి వచ్చిన మిద్యాను మామ యిత్రో. మోషే తీర్పులతో లాభపడేవాళ్లకు అతని అలసట కనబడలేదు. సంఘపెద్దగా మీరు చేయగలిగింది ఉంది: కానుకలు పెరిగినా తగ్గినా పాస్టరుకు నెలకు ఇంత అని ఖాయం చేయండి, రెండు నెలలకోసారి ఆదివారం వేరేవారిచేత వాక్యం చెప్పించండి. సోమవారం అయ్యగారికి సెలవివ్వండి. ఆ రోజు గృహప్రార్థనలకు రమ్మని ఫోన్లు వస్తే మీరు ఎత్తండి.